ఫొటోల సంగతి తర్వాత, ముందు ఆ క్రీము ట్యూబు చూపించండి

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. గంటల తరబడి సెల్ఫీలు దిగి, ఫిల్టర్లు వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతోంది. మాకు తెలియకుండా రెండో అకౌంటు కూడా ఉందట. తెల్లబడాలని స్నేహితురాలు చెప్పిన క్రీము ఆరు నెలలుగా రాస్తోంది. రాత్రి అన్నం మానేసింది, మూడు నెలలుగా నెలసరి రాలేదు. ఫోన్ లాక్కోమంటారా? బలానికి టానిక్ ఏదైనా రాస్తారా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఫోన్ గురించి అడిగారు గానీ, నన్ను కలవరపెట్టినవి ఆ క్రీము, ఆగిన నెలసరి. పాపను పరీక్షించకుండా ఇదే జబ్బు అని చెప్పడం సరికాదు. అయినా ఈ రెండింటినీ పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దామని వాయిదా వేయకండి.

డాక్టరు చీటీ లేకుండా కొనే తెల్లబరిచే క్రీముల్లో మొమెటసోన్, బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు తరచూ ఉంటాయి. మొదటి వారాల్లో ముఖం నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది, ఫొటోకు లైకులూ పెరుగుతాయి. ఆ తర్వాత చర్మం పలచబడి, ఎండ తగిలితే మండుతూ, బుగ్గల మీద సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలి, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. మానేయగానే ముఖం ఎర్రబడి ఉబ్బడంతో పిల్లలు భయపడి మళ్లీ అదే రాసుకుంటారు. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చినా, అడిగితే ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి. ఆరు నెలలుగా అద్దం పక్కనే ఉన్న ట్యూబు మీద ఏముందో ఇంట్లో ఒక్కరైనా చదవవలసింది. ఇప్పుడు కూడా మీ అంతట మీరు ఆపించడం గానీ, ఇంకో క్రీము కొనడం గానీ చేయకుండా, ఈ వారంలోనే చర్మవ్యాధి నిపుణులకు ఆ ట్యూబుతో సహా చూపించండి.

సన్నబడాలని తిండి తగ్గిస్తే మెదడు నుంచి అండాశయాలకు అందే సంకేతాలు తగ్గి నెలసరి ఆగవచ్చు. ఎముకలు గట్టిపడే ఈ వయసులో అది నష్టం. థైరాయిడ్, పీసీఓడీ (నెలసరి క్రమం తప్పించే ఒక హార్మోన్ల సమస్య), రక్తహీనత, అవసరమైతే గర్భం కూడా పరీక్షించి చూడాలి, ఈ మాటకు నొచ్చుకోకండి. టానిక్ రాయను. కళ్లు తిరిగి పడిపోయినా, తిన్నది కావాలని కక్కుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఫోన్ లాక్కుంటే మూడో అకౌంటు తెరుస్తుంది తప్ప మీకేమీ చెప్పదు. మొన్న నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి తన ఫిల్టర్ ఫొటో చూపించి, "ఇలా చేయండి" అని అడిగింది. అందులో చర్మానికి రంధ్రాలే లేవు. అలాంటి చర్మం ఏ మనిషికీ ఉండదని పాపకు నెమ్మదిగా చెప్పండి. స్కూలు బ్యాడ్జి, వీధి పేరు, రోజూ దిగే బస్టాపు ఫొటోల్లో కనిపిస్తున్నాయేమో ఇద్దరూ కలిసి చూడండి. పరిచయం లేనివారెవరైనా ఫొటోలు అడిగారా అని కోప్పడకుండా అడగండి. ఎవరైనా బెదిరిస్తుంటే డబ్బు పంపవద్దు, మెసేజీలు తుడిచేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఫోన్ చేయండి. మనసు బాగా కుంగినట్టు కనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, మీ ఊళ్లోనే మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఫోన్ వాడకం సమస్యలకు ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చివరిసారి నెలసరి వచ్చిన తేదీ, ఈ ఆరు నెలల్లో తగ్గిన బరువు రాసుకుని వెళ్లండి. డాక్టరు పాపతో కొంతసేపు ఒంటరిగా మాట్లాడతానంటే దయచేసి బయట కూర్చోండి.