ఫైనల్ ఫాంటసీ 14 ఆన్‌లైన్ గేమ్‌లో ఆరెంజ్ మార్క్ నుంచి బయటికి వచ్చేసినా దెబ్బ ఎందుకు తగులుతుంది?

దెబ్బ తగలాలా వద్దా అన్నది బాస్ (మనం పోరాడే పెద్ద శత్రువు) కొట్టినట్టు కనిపించేటప్పుడు కాదు, అంతకుముందే, క్యాస్ట్ బార్ (బాస్ దాడి సిద్ధమవుతుంటే నిండే గీత) నిండి, దెబ్బ పడే చోటుని నేల మీద చూపించే ఆరెంజ్ మార్క్ మాయమయ్యే క్షణంలోనే సర్వర్ తేల్చేస్తుంది. ఆ క్షణంలో మీరెక్కడున్నారో సర్వర్ ఫోటో తీసినట్టు పట్టేసుకుంటుంది, ప్లేయర్లు దీన్నే స్నాప్‌షాట్ అంటారు, ఆ తర్వాత కనిపించే మంటా పేలుడూ అంతా ఉత్త షో.

ఉదాహరణకి మార్క్ పోయేటప్పటికి మీరు ఇంకా లోపలే ఉన్నారనుకోండి, తర్వాత ఎంత పరిగెత్తి బయటపడినా, పేలుడు మీకు ఆమడ దూరంలో జరిగినా, నెత్తి మీద డ్యామేజ్ నంబర్ పడుతుంది. దీనికి రివర్స్ కూడా నిజమే, మార్క్ పోయే టైమ్‌కి బయట ఉంటే ఆ వెంటనే మంటలోకి నడిచెళ్ళినా ఏం కాదు, కత్తి పట్టుకుని దగ్గరగా కొట్టేవాళ్ళు అలాగే ఒక్క దెబ్బ కూడా వేస్ట్ చేయకుండా మళ్ళీ బాస్ దగ్గరికి వచ్చేస్తారు (నేల మీద అలాగే నిలిచి ఉండే మడుగుల్లాంటివి వేరే, వాటిలోకి మాత్రం వెళ్ళకండి).

చాలామంది ఇది నెట్ స్లో అనుకుని రూటర్‌ని తిడతారు పాపం. లాగ్ ఉంటే మీ పొజిషన్ సర్వర్‌కి కాస్త లేటుగా చేరేది నిజమే, కానీ మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్నా ఇది ఇలాగే ఉంటుంది, గేమ్ దీన్ని సరిగ్గా చెప్పదు అంతే. యానిమేషన్ చూడ్డం మానేసి క్యాస్ట్ బార్ చూడండి, మార్క్ కనిపించని దాడులకి కూడా అదే దిక్కు.