గ్యాస్ లైటరుతో రేడియో తరంగాలు

ప్రశ్న: నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. విద్యుదయస్కాంత తరంగాల పాఠంలో విద్యార్థులు సూత్రాలన్నీ అప్పజెబుతారు గానీ, రేడియో తరంగమంటే గాలిలో దూరం పోయే ఒక రకం ధ్వని అన్న భావం వారిని వదలడం లేదు. ప్రయోగశాలలో ఇందుకు తగిన పరికరాలు లేవు. తక్కువ ఖర్చుతో చూపించే మార్గం ఉందా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: ఉందండీ. వంటింటి గ్యాస్ లైటరు, మీడియం వేవ్ పలికే చిన్న ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే చాలు. ఎఫ్‌ఎం మాత్రమే ఉన్న రేడియో ఇందుకు పనికిరాదు. తరంగం ఎత్తులో వచ్చే హెచ్చుతగ్గులను అది పట్టించుకోకుండా వదిలేస్తుంది, మనకు కావలసింది సరిగ్గా ఆ హెచ్చుతగ్గులే.

రేడియో ముల్లును ఏ కేంద్రమూ పలకని చోట ఉంచి, శబ్దం పెంచి, దగ్గరలో లైటరు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ స్పీకరులో ‘టప్’మంటుంది. లైటరు కూడా ‘టక్’మంటుంది కాబట్టి, విద్యార్థులు ఆ రెండింటినీ కలగలిపి వినకుండా, ఒకరిని రేడియోతో తలుపు అవతల నిలబెట్టండి. లైటరులోని స్ఫటికంపై దెబ్బ పడగానే వేల వోల్టులు పుట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. ఆ క్షణంలో విద్యుత్ ప్రవాహం ఒక్కసారిగా మారడం వల్లే తరంగం వెలువడుతుంది. 1887–88లో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో హైన్రిక్ హెర్ట్జ్ తరంగాలను పుట్టించింది కూడా నిప్పురవ్వతోనే. ఆయన రిసీవరు చిన్న ఖాళీ విడిచిన తీగ చుట్ట మాత్రమే. ఆ ఖాళీలో మెరిసే అతి చిన్న రవ్వను చీకటి గదిలో కళ్ళు చికిలించి చూడవలసి వచ్చేది.

ఇక మీ అసలు ఇబ్బందికి వద్దాం. ఇది ధ్వని కాదని రుజువు చేయడానికి చాలామంది రేడియోను స్టీలు డబ్బాలో పెట్టి మూత వేస్తారు. అది సరైన పరీక్ష కాదని నా అభిప్రాయం, ఎందుకంటే మూత ధ్వనిని కూడా అడ్డుకుంటుంది, తెలివైన విద్యార్థి ఆ మాటే అడుగుతాడు. అందుకు బదులు కిటికీలకు కొట్టే సన్నని లోహపు జాలితో రేడియోను అన్ని వైపులా, అడుగున కూడా, అంచులు ఒకదానికొకటి తగిలేలా చుట్టండి. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ వంటి ఒక కేంద్రాన్ని ముందే పెట్టి ఉంచితే, జాలి మూయగానే కార్యక్రమం సన్నగిల్లిపోతుంది, కొన్నిసార్లు పూర్తిగా ఆగిపోతుంది. అదే జాలిలో చేతి గడియారం పెడితే టిక్ టిక్ యథావిధిగా వినిపిస్తుంది. ధ్వనిని వదిలి తరంగాన్ని ఆపిన ఆ జాలిని విద్యార్థులే విప్పి, మూసి చూడాలి. తర్వాత ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి చూస్తే, రేడియో మళ్ళీ నిక్షేపంగా పలుకుతుంది. 738 కిలోహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం ఎంతో అక్కడికక్కడే లెక్క కట్టించండి. సుమారు 406 మీటర్లని తేలినప్పుడు జాలి కన్నాల్లోంచి అది ఎందుకు దూరలేదో వారికే తడుతుంది.

వీలుంటే మరొకటి కూడా చేయండి. వంటింటి అల్యూమినియం కాగితాన్ని శనగగింజలంత ఉండలుగా చుట్టి, సన్నని ప్లాస్టిక్ గాడిలో ఒకదానికొకటి కొద్దిగా తగిలేలా వరుసగా పేర్చి, బ్యాటరీ, నిరోధకం, ఎల్‌ఈడీలతో శ్రేణిలో కలపండి. ఉండలపై ఉండే పలుచని ఆక్సైడు పొర వల్ల దీపం వెలగదు. జానెడు దూరంలో లైటరు నొక్కితే ఆ పొర తెగి, దీపం వెలుగుతుంది, అలాగే ఉండిపోతుంది. బల్లను వేలితో తడితే ఆరుతుంది. 1890లో ఫ్రాన్సులో ఎడ్వర్డ్ బ్రాన్లీ లోహపు పొడిలో గమనించినది ఈ గుణాన్నే. మొదటిసారి వెలగకపోతే ఉండలను కాస్త దగ్గరకు జరిపి మళ్ళీ ప్రయత్నించండి, ఓపిక కావాలి. నిప్పురవ్వలు ఎగిరే పని కాబట్టి స్పిరిట్ దీపాలను, గ్యాసును ముందే గదిలోంచి తీసివేయించండి.