ఊరి జట్టు ఊరు విడిచి వెళ్ళిపోయింది, ఇక లివర్‌పూల్ ఒక్కటే చాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఉండేది హైదరాబాద్‌లో, పదేళ్ళుగా లివర్‌పూల్ అభిమాని. మధ్యలో గచ్చిబౌలికి వెళ్ళి హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటలు చూడటం అలవాటైంది. ఇప్పుడా జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఊరి జట్టు మీద మనసు పెట్టుకోవడం వృథాయేనా, టీవీలో లివర్‌పూల్‌ను చూసుకుంటూ ఉండిపోవాలా అని అడిగారు.

వృథా కాదు. ఊరు వదిలి వెళ్ళింది దేశపు పై లీగ్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఉన్న ఒక చోటు మాత్రమే, ఊరి ఫుట్‌బాల్ ఇక్కడే ఉంది. ఈ తేడా సరిగ్గా పట్టుకుంటే ఈసారి దేన్ని నమ్ముకోవాలో, దేనికి ఎంత ఇవ్వాలో తెలుస్తుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019 ఆగస్టులో పుణె సిటీ క్లబ్ స్థానంలో వచ్చింది. అంటే మరో ఊరి జట్టు ఖాళీ చేసిన చోట్లో పుట్టింది. మొదటి సీజన్‌లో 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. తర్వాతి రెండు సీజన్లూ కోవిడ్ వల్ల మొత్తం గోవాలోనే జరిగాయి. మనోలో మార్కెజ్ శిక్షణలో కప్పు గెలిచిన 2021-22లో ఈ జట్టు హైదరాబాద్‌లో ఒక్క లీగ్ ఆట కూడా ఆడలేదు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద సాహిల్ తవోరా 88వ నిమిషంలో స్కోరు సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి 3-1తో గెలిపించాడు. మరుసటి ఏడు లీగ్ పట్టికలో రెండో స్థానం. ఆపై డబ్బు ఎండిపోయింది. జీతాలు అందని ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. 2023-24లో కుర్రాళ్ళతో నెట్టుకొచ్చి ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. తర్వాత యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో అదే జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఆ కుర్రాళ్ళ జట్టును చూడటానికి ఆ ఏడు గచ్చిబౌలికి వెళ్ళినవాళ్ళ అభిమానాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. తప్పు వాళ్ళది కాదు, లీగ్‌ను కట్టిన తీరుది. ఐఎస్ఎల్‌లో చోటు ఊరి పేరు మీద ఉండదు, కంపెనీ చేతిలో ఉంటుంది. కంపెనీ కదిలితే చోటు కదులుతుంది.

ఇది ఇక్కడే జరిగిందని అనుకోకండి. ఇంగ్లండ్‌లో 2002లో వింబుల్డన్ క్లబ్‌కు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలిపోవడానికి అనుమతి దొరికింది. అభిమానులు వెంటనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో కొత్త క్లబ్ పెట్టారు, వింబుల్డన్ కామన్ మైదానంలో బహిరంగ ఎంపికలు జరిపి జట్టును కూర్చారు. పైనుంచి లెక్కిస్తే తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టి 2011కల్లా వృత్తి క్లబ్బుల ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో తమ పాత వీధి ప్లౌ లేన్‌లోనే సొంత స్టేడియం కట్టుకుని తిరిగొచ్చారు. అది సాధ్యమైంది కింది నుంచి పైదాకా మెట్లు ఉన్నాయి కాబట్టి. ప్రతి ఏడూ గెలిచినవాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారు. మన దేశంలో రెండో అంచె అయిన ఐ-లీగ్ విజేత ఐఎస్ఎల్‌కు ఎక్కే దారి 2022-23లోనే తెరుచుకుంది. ఆ ఏడూ మరుసటి ఏడూ రెండో స్థానంలో ఆగిపోయింది మన హైదరాబాద్ క్లబ్ శ్రీనిధి దక్కన్. పైకి వెళ్ళినవి పంజాబ్, మొహమ్మడన్. రెండింట్లో ఏ ఒక్కసారి ఒక్క స్థానం మెరుగుపడినా హైదరాబాద్‌కు రెండో ఐఎస్ఎల్ జట్టు దక్కేది. ఈ సంగతి ఊళ్ళో చాలామంది ఫుట్‌బాల్ ప్రియులకే తెలియదు, అదే నాకు బాధ.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? మొదట చూడాల్సింది శ్రీనిధి దక్కన్‌నే. మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్‌లో దక్కన్ అరేనా అని దానికి సొంత మైదానం ఉంది. ఊరి జట్టును ఎంచుకునేటప్పుడు వేయాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మైదానం సొంతమా, అద్దెదా? ఇక్కడి పిల్లల జట్లు నడుపుతోందా, వాళ్ళలో ఎవరైనా పెద్ద జట్టు దాకా వస్తున్నారా? సాధన రోజూ ఇదే ఊళ్ళో జరుగుతుందా, లేక ఆట ముందురోజు విమానం దిగుతారా? ఈ మూడింటికీ మంచి జవాబు దొరికితే యజమాని మారినా ఏదో ఒకటి మిగులుతుంది. అంతమాత్రాన పూచీ ఏమీ లేదు. శ్రీనిధి కూడా ఐ-లీగ్ చోటు తీసుకున్నది విశాఖపట్నం పేరు మీదే, తర్వాత హైదరాబాద్‌కు వచ్చింది. విశాఖ అభిమానికి మీ నొప్పి బాగా తెలుసు.

దాని కింద నగర లీగ్ ఉంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఆ నేల మీద పుట్టిన జట్టే. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ భారత జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ బిడ్డ. బార్కస్‌లో ఇవాళ్టికీ సాయంత్రమైతే బంతి కనబడుతుంది. సికింద్రాబాద్ జింఖానా వైపు వెళ్ళినా ఆట దొరుకుతుంది. ఇలాంటిచోట చాలావరకు టికెట్ ఉండదు, కూర్చునే చోటు కూడా ఉండకపోవచ్చు. ఫ్లడ్‌లైట్లు లేని మైదానాల్లో ఆట మధ్యాహ్నమే మొదలవుతుంది కాబట్టి టోపీ, లీటరు నీళ్ళు వెంట పెట్టుకోండి. పడమర గోల్ వైపు తిరిగి కూర్చుంటే రెండో సగమంతా ఎండ కళ్ళలోనే పడుతుంది.

అమ్మాయిల ఆటను వదలకండి. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని దినమో జాగ్రెబ్‌కు ఆడింది, జాతీయ జట్టులో ఉంది. తర్వాతి సౌమ్య ఇప్పుడు ఏదో జిల్లా మైదానంలో ఆడుతూనే ఉంటుంది, ఆ ఆటకు పట్టుమని పాతికమంది చూపరులు కూడా ఉండరు.

టీవీకి అలవాటుపడిన కన్ను మైదానంలో మొదటి రెండు మూడు ఆటలకు నిరాశపడుతుంది. అందరూ ఆగిపోయేది అక్కడే. ఆట నెమ్మదిగా అనిపిస్తుంది, రీప్లే ఉండదు, వ్యాఖ్యాత ఉండడు. టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి మనమూ బంతినే చూడటం నేర్చుకున్నాం. మైదానంలో మొదటి పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక జట్టు వెనక నలుగుర్నే చూడండి. బంతి కుడి అంచుకు పోయినప్పుడు ఎడమ ఫుల్ బ్యాక్, అంటే ఎడమ అంచు కాసే డిఫెండర్, లోపలికి జరుగుతున్నాడా, అంచునే నిలబడ్డాడా? నిలబడి ఉంటే అతనికీ నడుమ కాసే సెంటర్ బ్యాక్‌కీ మధ్య సందు పెరుగుతుంది, అంచు నుంచి గోల్ ముందుకు వేసే మూడో నాలుగో క్రాస్‌కు గోల్ పడేది ఆ సందులోంచే. బంతి ముందుకు పోగానే డిఫెన్స్ గీత పైకి జరుగుతోందో లేదో చూడండి. మన వాతావరణంలో అరవయ్యో నిమిషం దాటాక ముందువరస ఇంకా తరుముతూనే ఉంటుంది, వెనకవాళ్ళు మాత్రం అలసి వెనకే ఆగిపోతారు, నడుమ ముప్పై గజాల మైదానం ఖాళీగా పడి ఉంటుంది. అక్కడ బంతి అందుకుని తిరగగల మిడ్‌ఫీల్డర్ ఎవరికుంటే ఆట వాళ్ళది. ఇంకొకటి, గోల్‌కీపర్ అరుపులు వినండి. పేరు పెట్టి, వైపు చెప్పి అరిచేవాడు మంచి కీపర్. ఊరికే కేకలు వేసేవాడి ముందు డిఫెన్స్ తడబడుతుంది. ఇవన్నీ పట్టుబడ్డాక లివర్‌పూల్ ఆట కూడా మీకు వేరుగా కనిపిస్తుంది.

ఎక్కడ కూర్చోవాలన్నదీ ముఖ్యమే. గచ్చిబౌలి అథ్లెటిక్స్ స్టేడియం, చుట్టూ పరుగు ట్రాక్ ఉంది కాబట్టి గోల్ వెనక నుంచి చూస్తే అవతలి సగంలో లోతు అసలు తెలియదు. పక్క స్టాండ్‌లో పై వరసలు తీసుకోండి. జాతీయ జట్టు ఆటలు, పెద్ద టోర్నీలు ఇంకా అక్కడికి వస్తాయి. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, డిసెంబరులో సంతోష్ ట్రోఫీ ఆఖరి దశ హైదరాబాద్‌లోనే జరిగాయి. దక్కన్ అరేనా చిన్నది, అక్కడ మాత్రం కింది వరసే బాగుంటుంది, మాటలు వినబడతాయి.

ఇక లివర్‌పూల్ సంగతి. దాన్ని వదులుకోవాల్సిన పని లేదు, సిగ్గుపడాల్సిన పని అంతకన్నా లేదు. ఆటను అత్యున్నత స్థాయిలో చూడటం కన్నుకు చదువు లాంటిది. కాకపోతే నిద్ర లెక్క వేసుకోండి. ఇంగ్లండ్‌లో గడియారాలు అక్టోబరు ఆఖరి ఆదివారం, మార్చి ఆఖరి ఆదివారం మారతాయి. చలికాలంలో వాళ్ళ శనివారం మూడు గంటల ఆట మనకు రాత్రి 8:30, మిగతా నెలల్లో 7:30. సాయంత్రం 5:30 ఆట మనకు 11 లేదా 10. ఛాంపియన్స్ లీగ్ చాలావరకు అర్ధరాత్రి దాటి 1:30కి, లేదంటే 12:30కి. ప్రస్తుతం ప్రీమియర్ లీగ్ జియోహాట్‌స్టార్‌లో, ఛాంపియన్స్ లీగ్ సోనీలివ్‌లో వస్తున్నాయి. ఒకటి కడితే రెండూ వస్తాయనుకుని మోసపోయేవాళ్ళు ఎక్కువ. ప్రసార హక్కులు కొన్నేళ్ళకోసారి చేతులు మారతాయి కాబట్టి సీజన్ మొదలయ్యాక చూసుకుని కట్టండి.

లివర్‌పూల్ సొంత స్టేడియం యాన్‌ఫీల్డ్‌కు ఎప్పుడైనా వెళ్ళాలనుంటే మూడు పొరపాట్లు చేయకండి. ఒకటి, జూన్‌లో ఆటల తేదీల పట్టిక రాగానే శనివారం ఆట అని నమ్మి విమానం టికెట్ కొనడం. టీవీ కోసం ఆటను ఆదివారానికో సోమవారానికో మార్చేస్తారు. శుక్రవారం దిగి మంగళవారం బయలుదేరేలా పెట్టుకోండి. రెండు, బయటివాళ్ళ దగ్గర టికెట్ కొనడం. ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ తిరిగి అమ్మడం 1994 నుంచి నేరం, కొన్న మిమ్మల్ని గేటు దగ్గరే ఆపేయవచ్చు. క్లబ్ సభ్యత్వం తీసుకుని అమ్మకం తేదీలకు వరసలో ఉండటమే దారి. మూడు, టికెట్‌ను గేటు దగ్గర డౌన్‌లోడ్ చేద్దామనుకోవడం. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, బయలుదేరేముందే వాలెట్‌లోకి ఎక్కించుకోండి, రాత్రి చార్జింగ్ పెట్టండి.

అదే ప్రయాణంలో మెర్సీ నది దాటి ట్రాన్‌మియర్ రోవర్స్ అనే చిన్న క్లబ్ ఆటకో, క్రాస్బీలో ఇంకా చిన్నదైన మెరీన్ ఆటకో కూడా వెళ్ళండి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడు గంటల ఆటలు అక్కడి టీవీల్లో రావు. చిన్న క్లబ్బుల గేటు ఆదాయం కాపాడటానికే 2:45 నుంచి 5:15 దాకా ఆ నిషేధం. మనకు ఇక్కడ కనిపించే ఆట అక్కడి మన విద్యార్థులకు కనిపించదు, వాళ్ళు ఆ వేళకు దగ్గర్లోని చిన్న మైదానానికి పోవచ్చు. మెరీన్ మైదానానికి ఒకపక్క ఇళ్ళ పెరళ్ళే హద్దు. 2021 జనవరిలో ఎఫ్ఏ కప్‌లో ప్రీమియర్ లీగ్ జట్టు టోటెన్‌హామ్ అక్కడికి వచ్చినప్పుడు కోవిడ్ వల్ల ప్రేక్షకులను రానివ్వలేదు. ఎనిమిదో అంచెలో ఉన్న ఆ క్లబ్ పది పౌండ్లకొకటి చొప్పున ఉత్తుత్తి టికెట్లు అమ్మితే 30 వేలకు పైగా అమ్ముడుపోయాయి. ఆట 0-5తో ఓడింది కానీ క్లబ్ నిలబడింది. కొన్నవాళ్ళలో చాలామంది ఎప్పుడూ క్రాస్బీలో అడుగుపెట్టి ఉండరు.

మీ చేతిలో ఉన్న డబ్బుకు కూడా ఇదే లెక్క. లివర్‌పూల్ ఖజానాలో మీ జెర్సీ ధర కనిపించదు. ఆ సొమ్ములో కొంత ఇక్కడ పిల్లల జట్టుకు బంతులకు పెడితే ఒక సీజన్ నడుస్తుంది. కొనేముందు శిక్షకుడిని అడగండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు నాలుగో సైజు, ఆపై వాళ్ళకు ఐదో సైజు. గడ్డి లేని మొరం మైదానమైతే నున్నగా మెరిసే కుట్టు బంతి వద్దు, రాపిడికి దారాలు తెగి కొన్ని వారాల్లోనే సొట్ట పడుతుంది. గట్టి నేలకని చెప్పి అమ్మే రబ్బరు పైపొర బంతులు తీసుకోండి. వాటితోపాటు గాలి పంపు, రెండు మూడు అదనపు సూదులు కూడా ఇవ్వండి, ముందు పోయేవి సూదులే.