రొయ్యల చెరువు దారిలో వంద వాట్ల లైటు

ప్రశ్న: మాది రాజోలు వైపు పల్లె. రొయ్యల చెరువులు లీజుకు చేస్తున్నాను. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు చూసుకోవడానికి రాత్రి రెండు సార్లు బైక్ మీద కాలువ గట్టున వెళ్లాలి. కంపెనీ లైటు గుడ్డి దీపంలా ఉందని 35/35 వాట్ల (హైకి, డిమ్‌కి చెరో 35) బల్బు తీయించి 100/90 బల్బు వేయించాను. క్రాష్ గార్డుకి రెండు చిన్న ఎల్ఈడీ లైట్లు కూడా మెకానిక్ బిగించాడు. మొన్న రాత్రి తనిఖీలో ఆపి ఫొటో తీశారు. చలానా వస్తుందన్నారు, మళ్లీ కనపడితే బండి సీజ్ చేస్తామన్నారు. బల్బు మార్చడం నేరమా? ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా రాదని మా తమ్ముడు అంటున్నాడు. టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ముందు సీజ్ సంగతి చెబుతాను, మీ భయమంతా దాని మీదే ఉన్నట్టుంది. బండిని పట్టుకుని అట్టేపెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం, 1988లోని 207వ సెక్షన్ నుంచి వస్తుంది. లైసెన్సు లేకుండా నడపడం, వయసు చాలని వాళ్లు నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం, అది చెప్పే తప్పులు ఇలాంటివి. బల్బు మాట అందులో లేదు. ఆర్సీ, లైసెన్సు సరిగా ఉంటే ఒక్క లైటు కోసమే మీ బండిని స్టేషన్ ఆవరణలో పెట్టుకోవడానికి ఆ సెక్షన్ పనికిరాదు.

అలాగని మీ తప్పేం లేదనుకోకండి. నిజానికి మీరు బల్బు గురించి దిగులు పడుతున్నారు గానీ, నా లెక్కలో ముందు చూసుకోవలసినవి క్రాష్ గార్డు మీదున్న ఆ చిన్న లైట్లు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 111వ రూలు ప్రకారం ఏ బండికీ ముందువైపు స్పాట్ లైటు గానీ సెర్చ్ లైటు గానీ బిగించకూడదు. ప్రత్యేక పరిస్థితి ఉంటే రిజిస్టరింగ్ అధికారి దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. మీరు తీసుకోలేదు. "అవి స్పాట్ లైట్లు కావు సార్, ఫాగ్ లైట్లు" అని షాపు వాళ్లు చెప్పే ఉంటారు. చెరువు అవతలి గట్టు మీద నిద్రపోతున్న కొంగను కూడా చూపించే లైటును ఫాగ్ లైటని కోర్టులో వాదించడానికి నాకు మొహం చెల్లదు. వాటిని ఈరోజే తీయించేయండి.

ఇక బల్బు. దీనికి 106వ రూలు చూడాలి. ఆ రూలు వాట్లు లెక్కపెట్టదు, ఎదుటి మనిషి కళ్లను లెక్కలోకి తీసుకుంటుంది. లైటుకు 8 మీటర్ల ముందు, బండి కుడి అంచు నుంచి అర మీటరు పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఒక మనిషి కన్ను ఉందనుకోండి. ఆ కంటికి జిగేలుమని కొట్టకుండా కాంతి ఎప్పుడూ కిందకే వంగి ఉండాలి. అంటే ఎదురుగా బైక్ మీద వచ్చేవాడి మొహం ఎక్కడుంటుందో కొలిచి రాసినట్టే ఉంది. డెల్టాలో గట్ల మీద రోడ్లు ఎంత సన్నమో మీకు చెప్పక్కర్లేదు. ఇటు కాలువ, అటు పొలమో చెరువో, కళ్లు బైర్లు కమ్మిన వాడు పక్కకు జరగడానికి జానెడు చోటు ఉండదు.

ఇక్కడే మీ వృత్తికి సంబంధించిన మెలిక ఒకటుంది. మీరు వెనక మేత బస్తా కట్టుకుని వెళ్తారు కదా? వెనక బరువు పడగానే బండి వెనక్కి కుంగుతుంది, ముందు లైటు పైకి లేస్తుంది. ఖాళీ బండి మీద సరిగా ఉన్న డిమ్ లైటు కూడా బస్తాతో ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. కాబట్టి లైటు ఎత్తు సరిచేయించేటప్పుడు మామూలుగా తీసుకెళ్లే బరువు పెట్టుకుని, గోడ ముందు 8 మీటర్ల దూరంలో నిలబెట్టి చూడండి. హెడ్‌లైటు డూమ్‌కి ఉండే స్క్రూ తిప్పితే సరిపోతుంది, రూపాయి ఖర్చు లేదు.

చలానా మీద ఏ సెక్షన్ రాస్తారన్నది ఇప్పుడు ముఖ్యం. మామూలుగా రూలు ఉల్లంఘనకు మోటారు వాహనాల చట్టంలో 177వ సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 500 రూపాయల వరకు, ఆ తర్వాత 1,500 వరకు. ఇది వస్తే వాదించకుండా కట్టేయండి. నా ఫీజు అంతకంటే ఎక్కువ.

182ఏ(4) రాస్తే సంగతి వేరు. అనుమతి లేకుండా బండిని మార్చినా, విడిభాగాలు తెచ్చి బిగించినా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని దాని సారం. బల్బు ఒకటి, పక్క లైట్లు ఒకటి అని లెక్కేస్తే పదివేలు. ఇక్కడ మీకు కొంత వాదన ఉంది. మార్పుల గురించి అసలు చెప్పేది 52వ సెక్షన్. ఆ సెక్షన్ వివరణలో మార్పు అంటే బండి నిర్మాణాన్నే మార్చి దాని మౌలిక స్వరూపం మారేలా చేయడం అని ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఈ సెక్షన్‌ను గట్టిగా అమలు చేయాలని చెప్పిన మాట నిజమే. అయినా బల్బు తీసి బల్బు వేయడం నిర్మాణం మార్చడం కాదని నేను నిలబడి చెప్పగలను. పక్క లైట్ల విషయంలో ఆ ధైర్యం చాలదు. 182ఏ(4)లో బయటి భాగాలు బిగించడాన్ని విడిగా ప్రస్తావించారు కాబట్టి అవతలి వాదనకూ బలం ఉంది.

190(2) రాసినట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని లాయరును కలవండి. రోడ్డు భద్రతా ప్రమాణాలు ఉల్లంఘించారనే ఆ సెక్షన్ కింద పదివేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉండడమే కాదు, మూడు నెలలు లైసెన్సు పోతుంది. రాత్రి చెరువుకు వెళ్లక తప్పని మనిషికి జరిమానా కంటే అదే కష్టం.

ఇన్సూరెన్స్ విషయంలో మీ తమ్ముడి మాట సగం నిజం. మీ బండి తగిలి వేరే వాళ్లకు దెబ్బ తగిలితే, బల్బు మార్చారన్న సాకుతో ఇన్సూరెన్స్ కంపెనీ ఆ దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఎగ్గొట్టలేదు. థర్డ్ పార్టీ విషయంలో కంపెనీ చెప్పుకోదగిన సాకులు 150వ సెక్షన్‌లో ఉన్నాయి, బల్బు వాటిలో లేదు. మీ సొంత బండి నష్టం అడిగినప్పుడే చిక్కు. 12 వోల్టుల మీద 35 వాట్ల బల్బుకు సుమారు 3 ఆంపియర్లు చాలు, 100 వాట్లకు 8 దాటుతుంది. వైరు, స్విచ్చి, హోల్డరు 35 కోసం చేసినవి. ఇది చాలదన్నట్టు 2017 ఏప్రిల్ నుంచి వస్తున్న బైకులకు లైటు పగలూ ఆరదు, ఇంజిన్ నడుస్తున్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. హోల్డరు కరిగి వైరింగ్ కాలితే నష్టం చూడడానికి కంపెనీ పంపే సర్వేయరు మొదట చూసేది ఆ బల్బునే. క్లెయిమ్ తిరస్కరిస్తే ఆ కేసు గెలవడం కష్టం. లైటుతో సంబంధమే లేని నష్టానికి, ఉదాహరణకు దొంగతనానికి, ఈ సాకు చెబితే మాత్రం ఊరుకోవద్దు. ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా, లాయరు లేకుండా రాసుకోవచ్చు. ఆంధ్రకూ యానాంకూ కలిపి ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది.

తమ్ముడు చెప్పనిది ఇంకొకటి ఉంది. మీ లైటు వల్ల ఎదురుగా వచ్చిన సైకిలు మనిషి కాలువలో పడ్డాడనుకోండి. అప్పుడు ట్రాఫిక్ చలానాతో తెమలదు. నిర్లక్ష్యంగా నడిపారని నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహితలో 281, ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద కేసు పడుతుంది. ఆ రెండోదానికి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ఈ శిక్ష నుంచి ఇన్సూరెన్స్ మిమ్మల్ని కాపాడదు.

మరి చీకట్లో ఎలా వెళ్లాలి అంటారు. న్యాయమైన ప్రశ్నే. గట్టు మీద తాటి మొద్దులా నిలిపేసిన, వెనక లైటు లేని ట్రాక్టర్లను నేనూ చూశాను, ఒకసారి దాదాపు గుద్దాను కూడా. మంచి మెకానిక్ అయితే ముందు రిఫ్లెక్టర్ చూస్తాడు. మన దగ్గర ఉప్పుగాలికి అది రెండు మూడేళ్లలో మసకబారి, ఎంత బల్బు వేసినా మింగేస్తుంది. తర్వాత ఎర్త్ వైరు, స్విచ్చి లోపలి తుప్పు చూడాలి. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే రిలే పెట్టి అదే 35 వాట్ల బల్బుకు పూర్తి వోల్టేజి అందిస్తే తేడా మీకే తెలుస్తుంది. హాలోజెన్ డూమ్‌లో ఎల్ఈడీ బల్బు వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి. ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు పుట్టదు కాబట్టి కాంతి చెల్లాచెదురై పైకి కొడుతుంది, మళ్లీ 106వ రూలు దగ్గరికే వస్తారు.

ఈ పని చేయించాక బిల్లు తీసుకోండి, పాత స్థితికి తెచ్చిన లైటు ఫొటో తేదీతో సహా ఉంచుకోండి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి నాకు ఆ రెండూ కావాలి. చలానా వచ్చాక దాని మీద ఉన్న సెక్షన్ నంబరు చూసి మళ్లీ రాయండి.