డాంగిల్ లాక్ తీయిస్తే కేసవుతుందా?

ప్రశ్న: ఆదోనిలో చిన్న జిరాక్స్ షాపు పెట్టుకుని బతుకుతున్నాను. ఏడాదిన్నర కిందట ఒక కంపెనీ 4జీ డాంగిల్ (సిమ్ వేసి ఇంటర్నెట్ వాడుకునే చిన్న పరికరం) కొన్నాను. ఇప్పుడు మా వీధిలో ఆ కంపెనీ సిగ్నల్ అందడం లేదు. వేరే సిమ్ వేస్తే అన్‌లాక్ కోడ్ అడుగుతోంది. కర్నూలులో ఒక మొబైల్ షాపువాళ్లు 500 రూపాయలకు లాక్ తీస్తామన్నారు, డాంగిల్ గుర్తింపు నంబరు ఐఎంఈఐ కూడా మార్చేస్తే ఏ గొడవా ఉండదన్నారు. మా బావమరిదేమో జైలుకు పోతావని బెదిరిస్తున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఐఎంఈఐ మార్చే మాట మాత్రం వినకండి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మార్చారని తెలిసీ ఆ పరికరాన్ని దగ్గర ఉంచుకుంటే అదీ నేరమే. షాపువాడితో పాటు మీరూ ఇరుక్కుంటారు. 500 రూపాయల పనికి అంత టెన్షన్ ఎందుకు?

లాక్ తీయడం వేరే సంగతి. సొంత పరికరానికి నెట్‌వర్క్ లాక్ తీయించుకోకూడదని మన దేశంలో ప్రత్యేకంగా చట్టమేమీ లేదు. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ఉంది గానీ, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ రక్షణలను ఛేదించినప్పుడే అది వర్తిస్తుంది.

అయితే మీ బావమరిది భయం పూర్తిగా ఉత్తిది కాదు. రిలయన్స్ తక్కువ ధరకు, మూడేళ్ల ఒప్పందంతో ఇచ్చిన ఫోన్లను పోటీ కంపెనీ టాటా ఇండికామ్ నెట్‌వర్క్‌లో పనిచేసేలా మార్చారని హైదరాబాదులో కేసు పెట్టారు. 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సెల్‌ఫోన్ కూడా కంప్యూటరేనంది. మోసం, కుట్ర సెక్షన్లు కొట్టేసింది గానీ, ఐటీ చట్టం 65వ సెక్షన్ (కంప్యూటర్ సోర్స్ కోడ్‌ను మార్చడం), కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ (కాపీరైట్ ఉల్లంఘన) కింద కేసును ఆపనంది. అది శిక్ష వేసిన తీర్పు కాదు. పైగా అక్కడ ఫోన్ గుర్తింపు నంబర్లనే మార్చారన్నది ఆరోపణ, ఒప్పందం గడువూ తీరలేదు. మీది అలాంటిదేనా కాదా అన్నది బిల్లు చూస్తే తెలుస్తుంది.

పూర్తి ధర కట్టి కొన్నదైతే మీ సొత్తే. అద్దెకో డిపాజిట్‌కో ఇచ్చినదైతే కంపెనీ సొత్తు, దాని జోలికి పోవద్దు. ప్లాన్ గడువు మిగిలి ఉంటే అది తీరేదాకా ఆగండి.

తర్వాత అన్‌లాక్ కోడ్ ఇమ్మని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఫోన్లో అడిగితే రుజువు మిగలదు. అమ్మేటప్పుడు లాక్ సంగతి చెప్పకుండా, ఇప్పుడు కోడూ ఇవ్వకపోతే, కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారానికి కొన్నావు కదా అని కంపెనీ వాదించవచ్చు, కానీ జీవనోపాధికి సొంతంగా నడుపుకునే షాపు కోసం కొన్నవారూ చట్టం దృష్టిలో వినియోగదారులే. 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లే, కొన్న రోజు నుంచి లెక్కేసుకుని త్వరపడండి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

షాపులోనే తీయించాలనుకుంటే, వాళ్లు కోడ్ వేస్తారా, ఫర్మ్‌వేర్ (డాంగిల్‌ను లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) మారుస్తారా అని అడగండి. తప్పు కోడ్ కొన్ని సార్లు వేస్తే డాంగిల్ శాశ్వతంగా లాక్ కావచ్చు. ఎక్కడిదో తెలియని ఫర్మ్‌వేర్ వేస్తే పాడైపోవచ్చు, వారంటీ ఎలాగూ పోతుంది. మీ సిమ్ తీసేసి ఇవ్వండి, చేసిన పనికి రసీదు అడగండి. తిరిగి తీసుకునేటప్పుడే డాంగిల్ మీది స్టిక్కర్లో ఉన్న ఐఎంఈఐ, దాని సాఫ్ట్‌వేర్‌లో కనిపించేది ఒకటేనేమో చూడండి. తేడా ఉంటే డబ్బులివ్వకుండా అక్కడే నిలదీయండి.