నోరు మూశాను, లోపలి మోత ఆగలేదు

ప్రశ్న: పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సు చేసొచ్చి రెండు నెలలైంది. అక్కడ మౌనం కష్టమనిపించలేదు. కళ్లు మూసుకుంటే మాత్రం పాత పాటలు, ఎప్పుడో మా తోడికోడలు అన్న మాట, ఆవిడకు తిరిగి చెప్పకుండా మింగేసిన జవాబు! ఇంట్లో కూర్చున్నా ఇదే వరస. ధ్యానం నాకు రాసిపెట్టి లేదేమో?

జవాబు: మీకు తోడికోడలైతే నాకు మా ఆఫీసులో ఒక పెద్దమనిషి, నా ప్రమోషన్‌కు అడ్డుపడ్డవాడు. నా మొదటి కోర్సులో తెల్లవారుజామున నాలుగింటికి గంట కొట్టగానే లేచి కూర్చునేవాణ్ని. ముక్కు దగ్గర ఊపిరిని గమనించమంటే ఆయనతో వాదన పెట్టుకునేవాణ్ని. ఆనాపానం, అంటే ఊపిరిని గమనించే సాధన, చేసిన మూడు రోజులూ అదే పని. అన్ని వాదనల్లోనూ నేనే గెలిచాననుకోండి!

అమ్మా, ధ్యానానికి అడ్డుపడేవాటిని బౌద్ధంలో నీవరణాలంటారు. మొత్తం ఐదు. అందులో మూడు మీ ఉత్తరంలోనే కనిపిస్తున్నాయి. తోడికోడలి మీద కోపం వ్యాపాదం. పాటలు, అప్పుడు అనలేకపోయానన్న బాధ కలిపి ఉద్ధచ్చ-కుక్కుచ్చం, అంటే మనసు చెదరడం, జరిగినదానికి నొచ్చుకోవడం. 'రాసిపెట్టి లేదేమో' అన్నది విచికిచ్ఛ, అంటే సందేహం. కోరిక, నిద్రమత్తు మిగిలాయి. వాటి గురించి మీరు రాయలేదంతే. వీటికి పేర్లు పెట్టి మరీ చెప్పారంటే ఆనాటి భిక్షువులకూ ఇదే గోలన్నమాట. బుద్ధుడి మాటల సంకలనం ధమ్మపదంలో మనసును నీళ్లలోంచి తీసి గట్టున పడేసిన చేపతో పోల్చారు.

మీరు మనసు ఆగాలని కూర్చుంటున్నారు. చిక్కంతా అక్కడే. ఆనాపానసతిలో 'సతి' అంటే ఎరుక. తోడికోడలు వచ్చిందని తెలిసిన ఆ క్షణంలో మీకు ఎరుక ఉన్నట్టే. ఆవిడను గెంటేయకండి, మాట కలపకండి, ఊపిరి దగ్గరకు తిరిగి రండి. అరగంటలో నలభైసార్లు రావాల్సొచ్చినా సరే.

మరీ చెదిరిపోతుంటే కాసేపు కావాలనే ఊపిరి కొంచెం గట్టిగా తీసుకోండి. ముక్కు దగ్గర స్పర్శ తెలుస్తుంది. తెలియగానే మామూలు ఊపిరికి వచ్చేయండి. ఊపిరి లెక్కపెట్టే పద్ధతి కూడా ఉంది. ఐదుకు తగ్గకుండా, పదికి మించకుండా లెక్కపెట్టమన్నాడు బౌద్ధ గ్రంథాల పాతకాలపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు. కానీ మీరు నేర్చుకున్న దాంట్లో అంకెలు, మంత్రాలు కలపరు కాబట్టి దాని జోలికి పోకండి. పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని చెప్పే ఉంటారు. కుదరని రోజున ఇరవై నిమిషాలైనా కూర్చోండి. మోకాళ్లు నొప్పెడితే కుర్చీ వేసుకోండి, తప్పేం లేదు.

మా పెద్దమనిషి ఇప్పటికీ వస్తుంటాడు. ఈమధ్య మాత్రం పావుగంట ఆలస్యంగా వస్తున్నాడు.