కొత్త అరేంజ్‌మెంట్ ఎవరి కోసం రాస్తారు?

అడిగిన ప్రశ్న: బెంగళూరులో ఒక ఔత్సాహిక జాజ్ ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్తున్నాను. పాత పాటలేనట, అరేంజ్‌మెంట్లు మాత్రం కొత్తవట. ఉన్నదాన్ని మార్చడం దేనికి? వెళ్ళేముందు ఒరిజినల్స్ వినాలా?

నేను అలాంటి ఆర్కెస్ట్రాలోనే బారిటోన్ శాక్సాఫోన్ వాయిస్తాను. ఆదివారాలు ఫ్రేజర్ టౌన్‌లో ఒక స్కూలు హాల్లో మా ప్రాక్టీసు. ఒరిజినల్స్ వింటే మంచిదే, వినకపోయినా ఏమీ కాదు. అరేంజ్‌మెంట్ అంటే పాటలో ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసిపెట్టడం. మార్చడం దేనికంటారా, మార్చకపోతే మేం వాయించలేం.

బిగ్ బ్యాండ్ అంటే మామూలుగా అయిదు శాక్సాఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. డాలర్లు పోసి తెప్పించుకునే నొటేషన్ అంతా ఈ లెక్కకే రాసి ఉంటుంది. మా ఊళ్ళో శాక్సాఫోన్‌కి కొదవలేదు, కీబోర్డు వాళ్ళయితే వీధికొకరు. ట్రాంబోన్ వాయించేవాళ్ళు దొరకడం మాత్రం గగనం. మొదటి ట్రంపెట్‌కు రాసే పైస్థాయి స్వరాలు రోజూ గంటల తరబడి సాధన చేసేవాళ్ళకే పలుకుతాయి. వారమంతా ఆఫీసులో ఉండి ఆదివారం ట్రంపెట్ పట్టేవాళ్ళ చేత అవే వాయింపిస్తే, వినేవాళ్ళకూ టెన్షనే. అందుకే వచ్చిన మనుషుల్ని చూసి రాయాలి. దీన్ని సర్దుబాటు అనుకోకండి. అమెరికా జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ తన బ్యాండ్‌కి చేసిందీ ఇదే. మూడో ట్రాంబోన్‌కి అని కాదు, ఫలానా మనిషి ఊదే తీరుకి అని రాశాడు. ఆయన షీట్ల మీద చాలాసార్లు వాద్యం పేరు బదులు వాయించే మనిషి పేరే ఉండేది.

మా దగ్గర జరిగింది చెప్తాను. చిత్తూరు వైపు ఆయన ఒకరు, ఆర్మీ బ్యాండ్‌లో యుఫోనియం వాయించి రిటైరయ్యారు. అందరం మాస్టారూ అంటాం. యుఫోనియం చిన్న ట్యూబా లాంటి ఇత్తడి వాద్యం, ఒళ్ళో పెట్టుకుని వాయిస్తారు. బిగ్ బ్యాండ్ నొటేషన్‌లో దానికి చోటే ఉండదు. స్థాయి ట్రాంబోన్‌దే కదా అని ఆయనకు ట్రాంబోన్ షీటు ఇచ్చేవాళ్ళు. అది బేస్ క్లెఫ్‌లో, అంటే కింది స్వరాలకు వాడే గుర్తుతో ఉంటుంది. ఆయనకు అలవాటైంది పై స్వరాలకు వాడే ట్రెబుల్ క్లెఫ్. క్లెఫ్ మారితే అదే గీత మీద స్వరం వేరవుతుంది. కూడబలుక్కుంటూ వాయించేవారు. మొహమాటస్తుడు, పైకి ఏమీ అనేవారు కాదు.

ఒక ఆదివారం టెనర్ శాక్సాఫోన్ అబ్బాయి రాలేదు. ఎల్లింగ్టన్ బ్యాండ్ పాట ‘క్యారవాన్’ మొదలుపెట్టాం. మధ్యలో వచ్చే భాగానికి, అంటే బ్రిడ్జ్‌కి చేరేసరికి, టెనర్ వాయించాల్సిన మెలడీ నా వెనక నుంచి వినిపించింది, అదీ ఇత్తడి గొంతుతో. తిరిగి చూస్తే మాస్టారు ఖాళీ కుర్చీ ముందున్న స్టాండ్ వైపు మెడ సాచి, ఆ షీటు చూసి ఊదుతున్నారు. ఒక్క స్వరం తప్పలేదు. ట్రెబుల్ క్లెఫ్‌లో యుఫోనియానికీ టెనర్ శాక్సాఫోన్‌కీ చదివే లెక్క ఒకటే, రాసినదానికంటే రెండూ ఒకే మేర కింద పలుకుతాయి. మా అరేంజర్ పియానో పాఠాలు చెప్పుకునే అమ్మాయి. వెంటనే అందర్నీ ఆపి, “మాస్టారూ, అది ఇంకోసారి, మీరొక్కరే” అంది.

“నాది కాదమ్మా ఇది, ఆ పిల్లోడిది.”

“ఇకనుంచి మీదే సార్.”

తర్వాతి ఆదివారానికి మ్యూస్‌స్కోర్‌లో, అంటే కంప్యూటర్లో నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్‌లో, కొత్తగా రాసుకొచ్చింది. వేగం బాగా తగ్గించింది. పాట మొదట్లో 12 బార్ల (తాళం ఆవర్తాల లాంటివి) పాటు ఒకే కార్డ్ మీద, అంటే కలిపి పలికే ఒకే స్వరాల గుంపు మీద నిలబడుతుంది, అక్కడ శాక్సాఫోన్లను కింది స్థాయిలో దగ్గరదగ్గరగా పేర్చింది. వాటన్నిటి అడుగున నా బారిటోన్ కదలకుండా శ్రుతి పట్టుకుని ఉంటుంది. ట్రంపెట్లు రెండే కాబట్టి వాటిచేత ప్లంజర్ మ్యూట్‌తో, అంటే గొట్టం మూతికి అడ్డం పెట్టి గొంతు మార్చేదానితో, మాట్లాడినట్టు వాయింపించింది. ప్లంజర్ అంటే సింకు పూడుకుపోతే వాడే రబ్బరు కప్పే. శివాజీనగర్‌లో హార్డ్‌వేర్ కొట్లో కొని కర్ర ఊడదీశాం. బ్రిడ్జ్ వచ్చేసరికి అందరం ఆగిపోతాం. బేస్, డ్రమ్స్ మీద బ్రష్‌లు, మాస్టారి యుఫోనియం, అంతే.

ఆ పాట కట్టింది హువాన్ టిజోల్, ఎల్లింగ్టన్ బ్యాండ్‌లో పనిచేసిన ప్యూర్టోరికో ఆయన. వాయించింది వాల్వ్ ట్రాంబోన్, అంటే గొట్టం ముందుకీ వెనక్కీ జరపకుండా మీటలు నొక్కి వాయించేది. యుఫోనియమూ మీటలదే. మార్చి మార్చి ఆ అమ్మాయి పాటను దాని సొంత గొంతుకే దగ్గర చేసిందని నా గట్టి నమ్మకం.

ఇంతకీ ఒరిజినల్ ఏది? 1936లో బార్నీ బిగార్డ్ పేరుతో ఎల్లింగ్టన్ మనుషులే చిన్న బృందంగా దీన్ని రికార్డు చేశారు. మరుసటేడు పూర్తి ఆర్కెస్ట్రాతో చేశారు. 1962లో అదే ఎల్లింగ్టన్ పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురితోనే వాయించాడు. త్యాగరాజ కృతిని ఒక్కొక్కరి పాఠాంతరంలో ఒక్కోలా వింటాం, ఇందులో అసలుదేదని కచేరీ ఆపి అడగం కదా.

ఇంకో బాధ కూడా చెప్పుకోనివ్వండి. ‘క్యారవాన్’ మొదటి భాగంలో మన చెవికి వకుళాభరణం రాగం ఛాయ తగులుతుంది. అది పట్టుకుని ప్రతివాళ్ళూ మృదంగం పెట్టండి, ఫ్యూజన్ చేయండి అని సలహా ఇస్తారు. ఆ పని శ్రద్ధగా చేసినవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు. అమెరికా శాక్సాఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానో, కర్ణాటక సంగీత గాయని ఆర్.ఎ. రమామణి, ఇక్కడి తాళవాద్య బృందం కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ కలిసి 1983లో తెచ్చిన ‘జ్యోతి’ ఆల్బమ్ వినండి. మరియానో నాదస్వరం నేర్చుకున్న మనిషి. పోస్టర్‌లో బాగుంటుందని ఒక మృదంగాన్ని తెచ్చి పక్కన కూర్చోబెడితే ఆ సంగీతం రాదు.

మీరు వెళ్ళినప్పుడు డ్రమ్స్‌కి మరీ ఎదురుగా కూర్చోకండి, మిగతావి వినబడవు. ఒకరి సోలో అయిపోగానే పాట నడుస్తుండగానే చప్పట్లు కొట్టచ్చు, జాజ్‌లో అది మామూలే. చివరగా ఒక మనవి. పోస్టర్ మీద గాయని పేరుంటుంది, సోలో వాయించేవాళ్ళ పేర్లుంటాయి, అరేంజర్ పేరు మాత్రం ఉండదు. నెలల తరబడి రాత్రిళ్ళు కూర్చుని ప్రతి వాద్యానికీ విడిగా షీటు రాసిన మనిషి ఎవరో హాల్లో ఎవరికీ తెలియదు. దీని గురించి నేను నిర్వాహకులతో గొడవ పడుతూనే ఉన్నాను. కచేరీ అయ్యాక మీరు కూడా “ఇవి రాసిందెవరండీ” అని గట్టిగా అడగండి. నలుగురు అడిగితే వచ్చే పోస్టర్‌లోనైనా ఆ పేరు వేస్తారు.